తప్పులతో సహా

ఏటా నవంబరులో షికాగో పక్కనున్న రోజ్‌మాంట్‌లో ‘మజిల్ కార్ అండ్ కార్వెట్ నేషనల్స్’ అని ఒక పెద్ద ప్రదర్శన జరుగుతుంది. అక్కడ పాత కార్లకు మార్కులు వేసేవాళ్లు టార్చ్ లైటు పట్టుకుని కార్ల కిందికి తొంగి చూస్తుంటారు. వాళ్లు వెతికేది మనం అనుకునేది కాదు. మెరుపు తక్కువైందా అని కాదు, ఎక్కువైందా అని చూస్తారు. కారు అడుగు రేకు మీద రంగు నున్నగా, సమంగా పరుచుకుని ఉంటే మార్కులు పోతాయి. ఎందుకంటే 1970లో ఆ కారు ఫ్యాక్టరీ దాటినప్పుడు అడుగున రంగు అలా లేదు. పైన స్ప్రే కొడుతున్నప్పుడు అంచుల దగ్గర చెదిరిన తుంపర కొంత లోపలికి పడింది, మిగతాదంతా ఉత్త ప్రైమరు. ఆ తుంపర ఇవాళ కూడా అంత దూరమే, అలాగే పడి ఉండాలి.

మొదటిసారి ఈ సంగతి విన్నప్పుడు నాకు నవ్వొచ్చింది. నేను డెట్రాయిట్ శివార్లలో, కార్ల విడిభాగాలు చేసే ఒక కంపెనీలో క్వాలిటీ విభాగంలో పనిచేస్తాను. తప్పు కనిపిస్తే ఆ ముక్కని పక్కన పెట్టించడం నా ఉద్యోగం. యాభై ఏళ్ల కిందట నాలాంటివాడెవడో చూసీ చూడనట్టు వదిలేసిన తప్పుని, ఇవాళ ఒకాయన వేల డాలర్లు పోసి, అదే చోట, అదే కొలతలో మళ్లీ చేయించుకుంటున్నాడంటే నవ్వక ఏం చేస్తాం? ఆ నవ్వు ఎందుకు ఆగిందో చెప్పాలంటే ఈ కార్ల చరిత్ర కొంచెం చెప్పుకోవాలి.

మజిల్ కారు అంటే మధ్యరకం సైజు కారులో, దానికి మించిన ఇంజన్ కూర్చిన బండి. ఆ పద్ధతి అంతకుముందూ లేకపోలేదు గానీ, పేరు తెచ్చింది 1964 మోడల్ పాంటియాక్ జీటీఓ. అప్పట్లో జనరల్ మోటార్స్‌లో ఆ సైజు కార్లకి 330 ఘనపుటంగుళాలకు మించిన ఇంజన్ పెట్టకూడదని కట్టడి ఉండేది. పాంటియాక్ చీఫ్ ఇంజనీరు జాన్ డిలోరియన్, ఆయన మనుషులు ఆ కట్టడిలో ఒక సందు చూశారు. కొత్త మోడల్ అంటే పైవాళ్ల అనుమతి కావాలి, ఉన్న మోడల్‌కి ‘ఆప్షన్’ అంటే అక్కర్లేదు. అలా టెంపెస్ట్ లెమాన్స్ కారుకి ఆప్షన్ పేరుతో 389 ఘనపుటంగుళాల ఇంజన్ తగిలించారు. మొదటి ఏడాదే 32,450 కార్లు అమ్ముడుపోయాయి. 389 ఘనపుటంగుళాలంటే ఆరు లీటర్ల పైమాట. మన అంబాసిడర్ ఇంజన్ ఒకటిన్నర లీటర్లని గుర్తు చేసుకుంటే తేడా అర్థమవుతుంది. ఇక క్రైస్లర్ వాళ్లు 1966 నుంచి 1971 దాకా మామూలు రోడ్డు కార్లలో పెట్టిన 426 హెమీ ఇంజనైతే ఏడు లీటర్లు, 425 గుర్రాలు.

ఇదంతా పదేళ్ల ముచ్చటే. కుర్రాళ్ల చేతిలో ఇలాంటి బళ్లుంటే ఇన్సూరెన్సు వాళ్లు ఊరుకుంటారా, ప్రీమియంలు పెంచేశారు. 1970లో గాలి కాలుష్యం మీద గట్టి చట్టం వచ్చింది. 1973 అక్టోబరులో అరబ్ దేశాలు చమురు ఆపేశాయి. ఆ తర్వాత ఈ కార్లు ఎవరికీ అక్కర్లేని పెట్రోలు తాగే దయ్యాలయ్యాయి. స్కూలు పిల్లలు సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా కొనుక్కుని పందేలు వేసి ఇంజన్లు పేల్చేసుకున్నారు. చలికాలంలో రోడ్ల మీద చల్లే ఉప్పు అడుగు రేకుల్ని తినేసింది. అసలు ఇంజనూ అసలు రేకూ కలిసి మిగిలిన బళ్లు అందుకే ఇవాళ అంత అరుదు.

ఎనభైలలో ఆ కుర్రాళ్లే డబ్బున్న పెద్దమనుషులై, చిన్నప్పటి కారు కావాలని వెతుక్కున్నారు. అప్పుడు మొదలైంది రిస్టొరేషన్. అసలు నష్టం జరిగింది కూడా అప్పుడేనని నాకనిపిస్తుంది. ప్రేమతో జరిగిన నష్టం. కారుని ముక్క ముక్కా విప్పి, గీకి, ఇసుక కొట్టి, రేకుని కొత్త గిన్నెలా చేసి, పైన అద్దంలాంటి రంగు వేశారు. క్రైస్లర్ ఫ్యాక్టరీలో వేసింది యాక్రిలిక్ ఎనామెల్. దగ్గరికెళ్లి చూస్తే బత్తాయి తొక్కలా సన్నని గుంటలుంటాయి. ఇప్పటివాళ్లు వేసేది రంగు మీద పారదర్శకమైన ఇంకో పొర, దాని మీద పాలిష్. ఫ్యాక్టరీలో తలుపుకీ ఫెండరుకీ మధ్య సందు పైన ఒకలా, కింద ఒకలా ఉండేది. దాన్ని వీళ్లు కొలత బద్ద పెట్టి సరిచేశారు. ఎక్కడా లేని క్రోమియం పూత తెచ్చి పెట్టారు. మన పాత గుళ్లలో భక్తి కొద్దీ శాసనాల మీద సున్నమూ ఆయిల్ పెయింటూ కొట్టేసినట్టే. చేసినవాడికి పుణ్యం, చదవాలనుకున్నవాడికి శూన్యం.

చదవడం అని ఊరికే అనలేదు. ఈ కార్లు నిజంగానే చదవాల్సిన వస్తువులు. క్రైస్లర్ కారు బానెట్ ఎత్తితే ఎడమ ఫెండరు లోపలి అంచున చిన్న రేకు బిళ్ల ఉంటుంది. దాని మీద వరసగా అక్షరాలూ అంకెలూ. ఎఫ్‌సీ7 అంటే వంకాయ రంగు. డాడ్జ్ వాళ్లు దానికి ‘ప్లమ్ క్రేజీ’ అని పేరు పెట్టారు, అదే రంగుని ప్లిమత్ వాళ్లు ‘ఇన్ వయొలెట్’ అన్నారు. ఈ74 అంటే హెమీ ఇంజన్, డీ21 అంటే నాలుగు గేర్ల మాన్యువల్ బాక్సు. ముందు అద్దం కింద డాష్‌బోర్డు మీద ఉండే నంబరు జేఎస్23ఎన్0బీతో మొదలైతే అది ఛాలెంజర్ ఆర్/టీ, రెండు తలుపుల హార్డ్‌టాప్, 383 ఇంజన్, 1970 మోడల్, చివరి బీ అంటే హామ్‌ట్రామిక్ ఫ్యాక్టరీ. ఈ చివరి బీ మళ్లీ వస్తుంది, గుర్తుపెట్టుకోండి.

బిళ్లతో వచ్చే తంటాలూ ఉన్నాయి. మామూలు ఇంజన్ కారుకి హెమీ బిళ్ల తగిలించి లక్షల డాలర్లకు అంటగట్టేవాళ్లు పెరిగాక, బిళ్ల కన్నా దాన్ని పట్టుకునున్న రివెట్ల మీద ఎక్కువ పరీక్ష మొదలైంది. కాన్సస్ రాష్ట్రంలో ఒకాయన 1959 కార్వెట్ కొనుక్కుని రిజిస్ట్రేషన్‌కి తీసుకెళితే పోలీసులు బండిని పట్టేసుకున్నారు. అంతకుముందెవరో రిస్టొరేషన్ చేస్తూ నంబరు బిళ్ల విప్పి, మళ్లీ వేరే రివెట్లతో బిగించారట. దొంగతనం లేదు, మోసం లేదు, అయినా పాత చట్టం ప్రకారం అది నిషిద్ధ వస్తువు. ఏళ్ల తరబడి కోర్టులో నలిగి, 2022లో ఆ రాష్ట్రం చట్టమే మార్చాల్సి వచ్చింది.

బిళ్ల కన్నా నాకు ఇష్టమైనది కాగితం. బ్రాడ్‌కాస్ట్ షీట్ అంటారు. ఏ కారుకి ఏ సీటు, ఏ ఇరుసు, ఏ రేడియో బిగించాలో ఫ్యాక్టరీలో ఒక్కో విభాగానికి అచ్చయి వచ్చే చీటీ. పని అయిపోయాక ఆ చీటీ చెత్తే. బిగించినవాడు దాన్ని సీటు స్ప్రింగుల్లో దోపేసేవాడు, లేదా తివాచీ కింద పడేసేవాడు. జనరల్ మోటార్స్ కార్లలోనైతే పెట్రోలు ట్యాంకు పైన కూడా దొరుకుతుంది. యాభై ఏళ్ల తర్వాత సీటు చింపినప్పుడు, ఎలకలు కొట్టగా మిగిలిన ఆ పసుప్పచ్చటి ముక్కే ఆ కారుకి జాతకం. కంపెనీ దాచిపెట్టిన రికార్డు కన్నా, కార్మికుడు పారేసిన చెత్తకి విలువ కట్టిన చరిత్ర రచన ఇంకోటి నాకు తెలీదు.

చీటీ దాటి ఇంకా లోపలికి వెళితే గుర్తులు. బోల్టు సరిగ్గా బిగించి చూశానని చెప్పడానికి దాని తల మీద ఒక రంగు చుక్క. ఏ కారుకి ఏ షాఫ్టో తెలియడానికి దాని చుట్టూ రంగు పట్టీలు. రేకు మీద సుద్దతోనో మైనపు పెన్సిల్‌తోనో గీసిన అంకె, టిక్కు, ఎవరికో అర్థమయ్యే గీత. ఏదీ కొనేవాడి కోసం గీసింది కాదు. లైనులో ముందు నిలబడ్డవాడు వెనకవాడికి రాసుకున్న మాట అది. మొదటి తరం రిస్టొరేషన్లలో మొట్టమొదట మాయమైనవి ఇవే. గ్రీజు మరకలనుకుని కడిగేశారు. తర్వాతివాళ్లు ఎవరూ ముట్టుకోని కార్లు వెతికి, ఫోటోలు తీసి, ఒక్కో ఫ్యాక్టరీ అలవాటు విడిగా రాసుకుని, ఆ భాషని మళ్లీ కూడగట్టారు.

తెలుగు చదువుకున్నవాళ్లకి ఈ పని ఎక్కడో విన్నట్టు ఉండాలి. తాళపత్రాల పరిష్కరణ. బ్రౌన్ దొర వేమన పద్యాలు పోగు చేయించి 1829లో అచ్చు వేసిన నాటినుంచీ మన పండితుల్ని వేధించిన ప్రశ్న ఇదే. రాత ప్రతిలో తప్పు కనిపిస్తే దిద్దాలా, ఉంచాలా? గణం తప్పిందని దిద్దితే, అది కవి తప్పో, లేఖకుడి తప్పో, లేక ఆ కాలానికి ఒప్పో తేల్చే ఆధారం పోతుంది. నున్నగా దిద్దిన ప్రతి చదవడానికి బాగుంటుంది, దాంట్లో ఎవరి వేలిముద్రా ఉండదు. మన పాత లేఖకులు పుస్తకం చివర, చూసింది చూసినట్టు రాశాను, తప్పైనా ఒప్పైనా దోషం నాది కాదు అని చెప్పుకునేవారు కదా. రోజ్‌మాంట్‌లో మార్కులు వేసేవాళ్లు కోరేదీ సరిగ్గా అదే. చూసింది చూసినట్టు.

కాకపోతే ఒక తేడా ఉంది. ఆ లేఖకుడు ఆ మాట తర్వాత తరచుగా తన పేరు, ఊరు, తిథి వార నక్షత్రాలు కూడా రాసుకునేవాడు. ఈ సుద్దగీత గీసినవాడికి పేరు లేదు.

జీటీఓ రోడ్డెక్కిన 1964లోనే వెనిస్‌లో వాస్తు పరిరక్షకులంతా కూడి ఒక ఒడంబడిక రాసుకున్నారు. ప్రపంచంలో పాత కట్టడాల మరమ్మతుకు ఇప్పటికీ అదే ఆధారం. దాని సారాంశం రెండు ముక్కల్లో: ఊహ మొదలయ్యే చోట రిస్టొరేషన్ ఆగిపోవాలి, ఒక కట్టడంలో అన్ని కాలాల వాళ్లు చేర్చినవాటికీ గౌరవం ఇవ్వాలి. మజిల్ కార్ల వాళ్లు మొదటిది ఒప్పుకుంటారు, రెండోది ఒప్పుకోరు. వాళ్లకి కావాల్సింది కారు ఫ్యాక్టరీ గేటు దాటిన ఆ ఒక్క రోజు. ఆ తర్వాత యాభై ఏళ్లు దాన్ని నడిపినవాళ్లు, సొట్టలు పెట్టినవాళ్లు, టింకరింగ్ చేయించినవాళ్లు అందరూ చొరబాటుదార్లే.

దానికి ఎదురు జవాబు కూడా ఉంది. ‘బుల్లిట్’ సినిమాలో స్టీవ్ మెక్వీన్ నడిపిన 1968 ముస్టాంగ్‌ని 1974లో ఒక కుటుంబం పత్రికలో ప్రకటన చూసి 6,000 డాలర్లకు కొనుక్కుంది. ఆ ఇంటావిడ టీచరు, అదే బండిలో బడికి వెళ్లొచ్చేది. 1977లో మెక్వీనే స్వయంగా నాకు అమ్ముతారా అని ఉత్తరం రాశాడు. అమ్మలేదు. తర్వాత దశాబ్దాల పాటు ఆ కారు ఎవరి కంటా పడలేదు. 2018లో డెట్రాయిట్ ప్రదర్శనలో బయటికి తెచ్చినప్పుడు కూడా రంగు వెలిసిపోయి, సినిమా వాళ్లు కెమెరా కోసం అడుగున వెల్డింగ్ చేసిన పట్టీలతో సహా, ఉన్నదున్నట్టు తెచ్చారు. 2020 జనవరి వేలంలో పాట 34 లక్షల డాలర్ల దగ్గర ఆగింది. దాన్ని ఎవరైనా కొత్తదానిలా చేసి ఉంటే ఏ ముస్టాంగైనా ఒకటే అయ్యేది. అయితే ఈ న్యాయం అన్ని కార్లకూ వర్తించదు. తుప్పు తిని సగం పోయినదాన్ని అలాగే ఉంచితే అది చరిత్ర కాదు, ఇనుప సామాన్లవాడి సరుకు.

ఇప్పుడు ఆ ‘బీ’ దగ్గరికి వద్దాం.

హామ్‌ట్రామిక్ అనేది చుట్టూ డెట్రాయిట్ ఆవరించిన చిన్న పట్నం. అక్కడి ఫ్యాక్టరీని అందరూ డాడ్జ్ మెయిన్ అనేవాళ్లు. 1910లలో డాడ్జ్ సోదరులు కట్టింది, అంతస్తుల మీద అంతస్తులు. 1970 మోడల్ ఛాలెంజర్లూ బారకూడాలూ ఎక్కువ భాగం అక్కడే పుట్టాయి. ఆ కార్ల మీద వచ్చిన అందమైన బొమ్మల పుస్తకాల్లో ఆ భవనం ఫోటో ఉంటుంది, గంటకెన్ని కార్లన్న లెక్క ఉంటుంది. 1968 మే 2 మాత్రం చాలావాటిలో ఉండదు.

ఆ రోజు డాడ్జ్ మెయిన్‌లో దాదాపు 4,000 మంది కార్మికులు యూనియన్ అనుమతి లేకుండానే పని ఆపేసి బయటికొచ్చారు. కారణం లైను వేగం. సమ్మెలో నల్లవాళ్లూ తెల్లవాళ్లూ కలిసే ఉన్నారు గానీ, శిక్ష ఎక్కువగా పడింది నల్లవాళ్ల మీద. తీసేసినవాళ్లలో మిగతావాళ్లని మళ్లీ చేర్చుకున్నారు, జనరల్ బేకర్, బెన్నీ టేట్ అనే ఇద్దరు నల్ల కార్మికుల్ని మాత్రం చేర్చుకోలేదు. జనరల్ అనేది హోదా కాదు, ఆయన పేరే అది. అందులోంచి పుట్టింది డ్రమ్, డాడ్జ్ రివల్యూషనరీ యూనియన్ మూవ్‌మెంట్. వాళ్లు ఒక కరపత్రం నడిపారు, పోటీ సమ్మెలు చేశారు, కంపెనీతోనే కాదు సొంత యూనియన్‌తోనూ కొట్లాడారు. కొత్త యంత్రాలు తెచ్చి ఉత్పత్తి పెంచామని కంపెనీ అంటుంది, నిజానికి ముగ్గురి పని ఒక నల్లవాడి చేత చేయించడమే ఆ పెంపు అని వాళ్ల ఎత్తిపొడుపు. డాన్ జార్జకాస్, మార్విన్ సర్కిన్ 1975లో రాసిన ‘డెట్రాయిట్: ఐ డూ మైండ్ డయింగ్’లో ఈ కథంతా ఉంది. మజిల్ కార్ల మీద నా అల్మారాలో ఉన్న ఏ పుస్తకం కన్నా అది నాకు ఆ కార్ల గురించి ఎక్కువ చెప్పింది.

క్రైస్లర్‌కి ఇరుసులు చేసే ఎల్డన్ ఎవెన్యూ ప్లాంటులో ఇంకా ఘోరం. 1970 జులై 15న జేమ్స్ జాన్సన్ అనే కార్మికుడు, ఆ పూట సస్పెండ్ చేశారని, తుపాకీతో తిరిగొచ్చి ముగ్గుర్ని చంపేశాడు. మరుసటి ఏడాది విచారణలో జ్యూరీని ఆ ప్లాంటుకే తీసుకెళ్లి చూపించారు. వాళ్లు మతిస్థిమితం లేని స్థితిలో చేశాడని తీర్పిచ్చారు. చంపడాన్ని ఎవరూ సమర్థించక్కర్లేదు. ఒక ఫ్యాక్టరీ ఎలా ఉందో చూడటమే ఒక నేర విచారణలో సాక్ష్యంగా పనికొచ్చిందన్నది నాకు ముఖ్యం.

1970 జులై అంటే మజిల్ కార్లకి స్వర్ణయుగమని అందరూ చెప్పే ఏడాది నడుమ. నా నవ్వు ఆగింది ఇక్కడ. తలుపు కింద కారిన రంగు చార, సందులో అడ్డదిడ్డంగా పూసిన సీలర్, తుంపర పడిన చోట ఒకటీ పడని చోట ఒకటీ... వీటిని మనం ‘ఫ్యాక్టరీ ఫినిష్’ అని ముద్దుగా పిలుస్తున్నాం. అవి ఫ్యాక్టరీ శైలి కాదు. చేతికి చాలినంత సమయం ఇవ్వని లైను వేగం. దాదాపు నిమిషానికో కారు కళ్ల ముందు నుంచి జారిపోతుంటే, ఆ నిమిషంలో ఒక మనిషి చేయగలిగిందీ చేయలేకపోయిందీ ఆ రేకు మీద ఉంది. కరపత్రాల్లో రాసుకున్న ఫిర్యాదే ఇక్కడ సీలర్‌తో, ఎనామెల్‌తో రాసి ఉంది. కరపత్రాలు లైబ్రరీల్లో ఉన్నాయి. ఈ రెండో ప్రతి మాత్రం ఉన్నవాళ్ల గరాజుల్లో ఉంది, దాన్ని ఏళ్ల తరబడి కాపాడుకొస్తున్నవాళ్లలో చాలామందికి డ్రమ్ పేరే తెలీదు.

వాళ్ల మీద నాకు కోపం లేదు. ఏ విశ్వవిద్యాలయమూ ఖర్చు పెట్టనంత ఓపిక వాళ్లు ఖర్చు పెట్టారు. నాకు చిరాకు తెప్పించేది ఇంకోటి. ఈ గుర్తుల్ని ఇప్పుడు రబ్బరు ముద్రలుగా, స్టెన్సిళ్లుగా కిట్లు కట్టి అమ్ముతున్నారు. నాలుగు మరకలు, ఆరు టిక్కులు, ఒక ‘ఓకే’. అసలు గుర్తు మీ కారు మీద ఉందో లేదో అక్కర్లేదు, ఆ ఏడాది ఆ ఫ్యాక్టరీలో ఉండేవి కాబట్టి వేసుకోవచ్చు. ఊహ మొదలైన చోట ఆగాలన్న మాటని ఇక్కడే జారవిడిచారు. బతికిన మనిషి చెయ్యి ఆడిన చోట ఇప్పుడు అలంకారం.

మా వీధి చివర ఒక పెద్దాయన ఉన్నాడు, టూల్ అండ్ డై పని చేసి రిటైరయ్యాడు. ఆయన దగ్గర ఎఫ్‌సీ7 రంగు ఛాలెంజర్ ఒకటి, నంబరులో బీ ఉన్నదే. శనివారాలు నేను వెళ్లి టార్చ్ పట్టుకుంటాను, నా సాంకేతిక సహాయం అంతవరకే. కిందటి చలికాలం హీటర్ బాక్సు విప్పితే, ఇంజన్‌కీ సీట్లకీ మధ్యనుండే అడ్డగోడ లోపలివైపు, ఎవరూ రంగు వేయని ప్రైమరు మీద పసుప్పచ్చ మైనపు పెన్సిల్ గీత బయటపడింది. ఒక టిక్కు, పక్కన కే అనో ఆర్ అనో చదవదగ్గ అక్షరం, కింద తొందరగా లాగిన ఒక గీత. చుట్టూ తుప్పు మొదలైంది. పద్ధతి ప్రకారం మొత్తం గీకి, ప్రైమరు కొట్టి, ఫోటో చూసి అదే గీత మళ్లీ గీయాలి. చాలామంది అలాగే చేస్తారు, మార్కులూ వస్తాయి.

ఆయన రెండు వారాలు ఆలోచించాడు. నన్నడిగితే, నీ రాతతో ఇంకొకడి సంతకం పెట్టినట్టవుతుందన్నాను. నువ్వు ఇన్‌స్పెక్షన్ వాడివి, అలాగే అంటావులే అన్నాడు. చివరికి అరచేయంత మేర అంటించే టేపు వేసి, ఆ ముక్కని వదిలేసి, చుట్టూ తుప్పు గీకి కొత్త ప్రైమరు కొట్టాడు. పాత ముక్క మీద తుప్పు పాకకుండా పల్చటి మైనం రుద్దాడు. రెండింటి మధ్య అంచు స్పష్టంగా కనిపిస్తుంది. ప్రదర్శనలో ఎవరైనా చూస్తే మార్కులు తగ్గిస్తారు గానీ, హీటర్ బాక్సు విప్పి చూసేవాళ్లుండరు.

డాడ్జ్ మెయిన్ 1980 జనవరిలో మూతపడింది, మరుసటి ఏడాది నేలమట్టం చేశారు. ఆ స్థలాన్నీ, పక్కనే వేల మంది ఉంటున్న పోల్‌టౌన్ ఇళ్లనీ కలిపి జనరల్ మోటార్స్ కొత్త ప్లాంటు కట్టింది. ఇప్పుడు దాని పేరు ఫ్యాక్టరీ జీరో, కరెంటు బళ్లు చేస్తారు. దాని ఆవరణ మధ్యలో బెత్ ఓలెమ్ అనే పాత యూదుల శ్మశానం మాత్రం కదల్చకుండా ఉంచారు. ఏడాదికి రెండుసార్లు గేటు తెరుస్తారు.

హీటర్ బాక్సు మార్చిలో బిగించాం. నాలుగు బోల్టులు. వాటి తలల మీద రంగు చుక్క పెట్టాలా అని అడిగాను. ఇవి బిగించింది మనం, మనకి నచ్చిన రంగు పెట్టుకోవచ్చు అన్నాడాయన. ఆ గరాజులో దొరికిన ఒకే ఒక డబ్బా ఆకుపచ్చ.